పన్ను రద్దయ్యాక బ్రిటన్‌లో పేదల పత్రికలు ఏమయ్యాయి?

ప్రశ్న: తెనాలి చదువరి

నేను డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ఐరోపా చరిత్ర బోధిస్తాను. ఇంగ్లండు పత్రికల పాఠం వచ్చినప్పుడు ఏటా ఒకే వరుసలో చెప్పుకొస్తున్నాను. అచ్చు వేయడానికి ముందే అనుమతి పొందాలన్న లైసెన్సింగు చట్టం 1695లో గడువు తీరి పోయింది. 1702 మార్చి 11న లండన్‌లో ఫ్లీట్ వంతెన దగ్గర ఎలిజబెత్ మాలెట్ అనే మహిళ ఒకే ఒక్క కాగితాన్ని, అదీ ఒకవైపే అచ్చు వేసి, 'డైలీ కూరంట్' పేరుతో ఇంగ్లీషులో మొదటి దినపత్రికను వెలువరించింది. 1712లో ప్రభుత్వం పత్రికల మీద స్టాంపు పన్ను విధించింది. దానికి 'జ్ఞానం మీద పన్ను' అని పేరు పెట్టి సంస్కర్తలు ఏళ్ళ తరబడి పోరాడగా, 1853లో ప్రకటనల మీద, 1855లో పత్రికల మీద, 1861లో కాగితం మీద ఉన్న పన్నులు ఒకదాని వెనుక ఒకటి రద్దయ్యాయి. అప్పటి నుంచి పత్రిక సామాన్యుడి చేతికి వచ్చింది. పాఠ్యపుస్తకం చెప్పేదీ ఇదే, విద్యార్థులు పరీక్షలో రాసేదీ ఇదే.

మొన్న ఈ పాఠం ముగించగానే ఒక విద్యార్థిని లేచి, "పన్ను ఉన్న రోజుల్లో జైలుకు వెళ్ళి మరీ కూలివాళ్ళ కోసం పత్రికలు నడిపారన్నారు కదండీ, పన్ను పోయాక అవి ఇంకా పెరిగి ఉండాలి కదా, మరి ఆ తరువాతి పేజీల్లో వాటి పేర్లు ఎందుకు లేవు?" అని అడిగింది. నా దగ్గర సిద్ధంగా సమాధానం లేదు. రేపు చెబుతానని కూర్చోబెట్టాను గాని, రెండు వారాలుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు. పన్ను రద్దు పేదవాడి చేతికి పత్రికనిచ్చిందా, లేక పెట్టుబడి ఉన్నవాడి చేతికి పాఠకుణ్ణి ఇచ్చిందా? దీనితో ముడిపడిన మరో సందేహం కూడా ఉంది. బ్రిటిష్ పత్రికలు ప్రభుత్వాలను నిలబెట్టాయి, పడగొట్టాయి అని మనం తరచు వింటాం. అందులో నిజం ఎంత? ఈ విషయం చదివినవారు వివరంగా రాస్తే తరగతిలో ఆ అమ్మాయికి సరైన జవాబు చెప్పగలుగుతాను.

సమాధానం: పాత కాగితాలు

మీ విద్యార్థిని అడిగినది చరిత్రకారులు దశాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్నే. సమాధానానికి ముందు ఆ పన్ను పాఠకుడి జేబులో ఎలా తెలిసేదో చూడాలి.

1712లో అరకాగితానికి అర పెన్నీ, నిండు కాగితానికి పెన్నీ చొప్పున మొదలైన పన్ను పెరుగుతూ పోయి, 1815 నాటికి ప్రతి కాపీకి 4 పెన్నీలయింది. మామూలు దినపత్రిక ధర 7 పెన్నీలు. పొలం కూలీకి వారానికి 10 షిల్లింగులు, అంటే 120 పెన్నీలు దొరికితే గొప్ప అనుకునే కాలమది. వారంలో ఆరు రోజులూ పత్రిక కొంటే 42 పెన్నీలు, కూలిలో మూడో వంతు దానికే పోతుంది. ఖజానాకు రాబడి ఒక్కటే దీని ఉద్దేశం కాదనడానికి 1819 నాటి చట్టం పీఠికే సాక్ష్యం. ప్రభుత్వం పట్ల ద్వేషం పుట్టించే కాగితాలు పెద్ద సంఖ్యలో, మరీ తక్కువ ధరకు అమ్ముడుపోతున్నాయని, వాటిని అదుపు చేయడానికే ఈ చట్టమని అందులో బాహాటంగా రాశారు.

ముద్రాపకుడు తెల్లకాగితాలను ముందుగా స్టాంపు కార్యాలయానికి పంపి, ముద్ర వేయించుకుని, ఆ తరువాతే వాటి మీద వార్తలు అచ్చు వేయాలి. అంటే ఒక్క కాపీ అయినా అమ్ముడుపోక ముందే పన్ను సొమ్ము చేతి నుంచి పెట్టాలి. అయితే ఆ ముద్ర వల్ల ఒక లాభమూ ఉండేది. స్టాంపు పడిన పత్రిక తపాలాలో ఉచితంగా వెళ్ళేది. అందుచేత లండన్‌లో ఒకరు చదివిన పత్రిక పల్లెలోని బంధువుకు చేరి, అక్కడి నుంచి మరో ఊరికి వెళ్ళి, మధ్యలో సత్రంలో ఒకరు బిగ్గరగా చదువుతుంటే పదిమంది విని, నలిగి చిరిగేదాకా తిరిగేది. ఆ కాలపు అమ్మకాల సంఖ్యను చూసి పాఠకుల సంఖ్యను అంచనా వేస్తే పొరబడతాం.

పన్నును ఎగ్గొట్టిన ధైర్యశాలులు వేరే ఉన్నారు. 1816లో విలియం కాబెట్ తన రాజకీయ వారపత్రికలోంచి వార్తలు తీసివేసి, వ్యాసాన్ని మాత్రమే 2 పెన్నీల కరపత్రంగా అచ్చు వేసి, చట్టంలోని సందులో నుంచి దూరిపోయాడు. 1819 చట్టం ఆ సందును మూసింది. 1831లో హెన్రీ హెదరింగ్టన్ చాటుమాటు కూడా మానుకున్నాడు. ఆయన 'పూర్ మాన్స్ గార్డియన్' ధర ఒక పెన్నీ. న్యాయానికీ బలానికీ మధ్య ఎవరిది పైచేయి అవుతుందో చూడడానికే చట్టానికి విరుద్ధంగా దీన్ని ప్రచురిస్తున్నామని పత్రిక తలమీదే ప్రకటించాడు. ప్రభుత్వ ముద్ర ఉండవలసిన మూలలో చేతి ముద్రణ యంత్రం బొమ్మ వేసి, దాని చుట్టూ జ్ఞానమే బలమన్న మాట అచ్చు వేశాడు. పోలీసులు కాపలా కాస్తున్న ముందు వాకిలి నుంచి ఉత్త కాగితాల మూటలు పంపి, వాళ్ళు వాటి వెంట పరుగెత్తుతుండగా అసలు పత్రికలను మరో దారిన దాటించేవారు. ఆయన జైలుకు వెళ్ళాడు, వీధుల్లో వాటిని అమ్మినవారు వందల సంఖ్యలో జైలుకు వెళ్ళారు. 1834లో జ్యూరీ ఆ పత్రిక చట్టం దృష్టిలో వార్తాపత్రికే కాదని తీర్పు చెప్పడం ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం. అంత కాలం దేని కోసం జైళ్ళు నింపారో, అది నేరమే కాదని తేలింది.

ఇక మీ విద్యార్థిని ప్రశ్న దగ్గరకు వస్తాను. మలుపు 1855లో గాక 1836లోనే మొదలైందని నా అభిప్రాయం. ఆ ఏడు ప్రభుత్వం పన్నును 4 పెన్నీల నుంచి ఒక పెన్నీకి తగ్గించింది, దాంతో పాటు స్టాంపు లేని పత్రికల మీద శిక్షలను, యంత్రాల జప్తును కఠినం చేసింది. ధర విషయంలో పేదల పత్రికలకున్న మేలు తగ్గింది, ప్రమాదం పెరిగింది. హెదరింగ్టన్ కూడా చివరకు స్టాంపు వేయించుకున్నాడు. అయినా మరుసటి ఏడే లీడ్స్ నగరంలో కార్మికులకు ఓటు హక్కు కోరిన చార్టిస్టు ఉద్యమ నాయకుడు ఫియర్గస్ ఓకానర్ 'నార్తర్న్ స్టార్' మొదలుపెట్టగలిగాడు. దానికి ప్రజల నుంచి పోగుచేసిన మూలధనం 690 పౌండ్లు. ధర నాలుగున్నర పెన్నీలైనా 1839లో వారానికి ముప్పై వేల కాపీలు దాటింది. కార్మికులు చిల్లర పోగేసుకుని ఒక్క కాపీ కొని, వంటింట్లోనో కొలిమి దగ్గరో కూర్చుని చదివించుకునేవారు. ఆనాటి పత్రికకు ఆ డబ్బు, ఆ పాఠకులు చాలు.

కాని యంత్రం అప్పటికే మారడం మొదలైంది. 1814 నవంబరు 29న 'టైమ్స్' యజమాని రెండో జాన్ వాల్టర్ తెల్లవారుజామున ముద్రణ కార్మికుల దగ్గరకు వచ్చి, పత్రిక పక్క గదిలో ఆవిరి యంత్రం మీద అప్పటికే అచ్చయిపోయిందని చెప్పాడు. ఐరోపా నుంచి వార్త రావాలి, ఆగండని వాళ్ళను రాత్రంతా కూర్చోబెట్టారు. గొడవ చేయకుంటే వేరే పని దొరికేదాకా జీతం ఇస్తానన్నాడు. చేతి యంత్రం మీద గంటకు దాదాపు 250 కాగితాలు వస్తే, కోనిగ్ రూపొందించిన ఆ ఆవిరి యంత్రం 1,100 వేసింది. తరువాతి అర్ధశతాబ్దంలో ఆ వేగం ఎన్నో రెట్లు పెరిగింది, యంత్రం ఖరీదూ పెరిగింది.

1855 జూన్‌లో పుట్టిన 'డైలీ టెలిగ్రాఫ్' కొద్ది నెలల్లోనే ధరను ఒక పెన్నీకి దింపింది. పెన్నీకి అమ్మితే కాగితం, సిరా, కూలి గిట్టవు. లోటును ప్రకటనలు పూడ్చాలి. ప్రకటన ఇచ్చే వ్యాపారికి కావలసినది సరుకు కొనగలిగే పాఠకుడు. 'టైమ్స్' 1966 మే దాకా మొదటి పేజీ నిండా వార్తలకు బదులు ప్రకటనలే వేసిందంటే, ఆ పత్రిక ఇల్లు ఏ స్తంభం మీద నిలిచిందో తెలుస్తుంది. కూలివాడు పెన్నీ పెట్టి పత్రిక కొనగలిగాడు, నిజమే. కాని 690 పౌండ్లతో పత్రిక పెట్టగలిగే రోజు మాత్రం పోయింది. 1918లో మొదలైన 'సండే ఎక్స్‌ప్రెస్' లాభాల్లోకి రాకముందు అందులో 20 లక్షల పౌండ్లు పోయవలసి వచ్చింది. కొనుక్కునే హక్కు పేదవాడికి దక్కింది, పెట్టుకునే హక్కు చేజారింది. మీ విద్యార్థినికి నేనైతే ఇదే చెబుతాను.

సమాధానం: మాంచెస్టర్ తెలుగు

పైన రాసినది చాలా వరకు ఒప్పుకుంటాను. అయితే డబ్బు ఉన్నవాళ్ళు పెట్టిన పత్రిక ఎప్పుడూ డబ్బు ఉన్నవాళ్ళ మాటే మాట్లాడుతుందనే అర్థం రాకూడదని ఇది రాస్తున్నాను.

నేను పనికి వెళ్ళే దారిలో పాత ఫ్రీ ట్రేడ్ హాల్ భవనం ఉంటుంది. దాని గోడకు ఎర్రని ఫలకం ఒకటి ఉంది. 1819 ఆగస్టు 16న అక్కడి సెయింట్ పీటర్స్ మైదానంలో ఓటు హక్కు కోసం చేరిన దాదాపు 60 వేల మంది మీదికి గుర్రపు దళం కత్తులు దూసి వెళ్ళిందని, జనం చనిపోయారని అది చెబుతుంది. ఆ ఫలకం 2007లో వచ్చింది. అంతకు ముందున్న నీలి ఫలకం సైన్యం జనాన్ని చెదరగొట్టిందని మాత్రమే చెప్పి, చావుల ఊసు ఎత్తలేదు. ఒక ఊరు తన చరిత్రను గోడ మీద సరిగా రాసుకోవడానికి 188 ఏళ్ళు పట్టిందన్న మాట.

పత్రికలు మాత్రం వెంటనే రాశాయి. 'టైమ్స్' విలేఖరి జాన్ టయాస్‌ను సభావేదిక మీదే నాయకులతో పాటు నిర్బంధించారు. అధికారులు చెప్పిందే లండన్‌కు ముందు చేరుతుందని భయపడిన స్థానిక వ్యాపారి జాన్ ఎడ్వర్డ్ టేలర్, తాను సేకరించిన కథనాన్ని ఆ రాత్రి బండికే లండన్ పత్రికకు పంపాడు. వాటర్లూ యుద్ధాన్ని గుర్తుచేస్తూ ఈ ఘటనకు 'పీటర్లూ' అని పేరు పెట్టింది ఇక్కడి 'మాంచెస్టర్ అబ్జర్వర్'. కార్మికుల పక్షాన రాసిన ఆ పత్రిక కేసుల మీద కేసులతో, జైలు శిక్షలతో చితికి, 1821లో మూతపడింది. అదే ఏడు మే 5న టేలర్ 'మాంచెస్టర్ గార్డియన్' ప్రారంభించాడు. ఇక్కడే మీ విద్యార్థిని ప్రశ్న నాకు ఎదురవుతుంది. పేదల పత్రిక పోయిన చోట, నూలు వ్యాపారుల డబ్బుతో సంస్కరణ కోరే మధ్యతరగతి పత్రిక వచ్చింది. టేలర్‌కు డబ్బు ఇచ్చిన 11 మందిలో కనీసం 9 మందికి బానిసలు పండించిన పత్తితోనో, బానిసత్వంతోనో సంబంధం ఉన్నట్టు ఆ పత్రిక యాజమాన్యమే పరిశోధన చేయించి, 2023లో క్షమాపణ చెప్పింది.

అయినా అదే పత్రికకు 1872 నుంచి 1929 దాకా 57 ఏళ్ళు సంపాదకుడిగా ఉన్న సి. పి. స్కాట్, దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం జరుగుతున్నప్పుడు దేశమంతా యుద్ధోన్మాదంతో ఊగుతుంటే దాన్ని వ్యతిరేకించాడు. పాఠకులు చందాలు మానేశారు, ఇంటికీ కార్యాలయానికీ పోలీసు కాపలా పెట్టవలసి వచ్చింది. అక్కడి నిర్బంధ శిబిరాల్లో స్త్రీలు, పిల్లలు చనిపోతున్నారని ఎమిలీ హాబ్‌హౌస్ బయటపెట్టిన సంగతులకు ఈ పత్రిక చోటిచ్చింది. వ్యాఖ్యానానికి స్వేచ్ఛ ఉంది గాని వాస్తవాలు పవిత్రమైనవని ఆయన 1921లో రాసిన మాట నేటికీ విలేఖరులు వల్లె వేస్తారు. ఆయన వారసులు 1936లో పత్రికను ఒక ట్రస్టు చేతిలో పెట్టారు. లాభాన్ని వాటాదారులకు పంచకుండా తిరిగి పత్రికలోనే పెట్టాలన్నది ఆ ఏర్పాటు.

సమాధానం: కృష్ణాతీరం

ప్రభుత్వాలను పత్రికలు పడగొట్టాయా అన్న రెండో ప్రశ్నకు నేను రాస్తాను.

అందరూ చెప్పే ఉదాహరణ క్రిమియా యుద్ధం. 1854లో 'టైమ్స్' విలేఖరి విలియం హోవర్డ్ రసెల్ సైన్యంతో పాటు వెళ్ళి, చలికి తగిన బట్టలు లేక, డేరాలు లేక, కలరాతో సైనికులు రాలిపోతున్న తీరు రాశాడు. గాయపడినవారిని చేర్చిన స్కుటారి ఆసుపత్రిలో కట్టు కట్టడానికి గుడ్డ కూడా లేదని అదే పత్రిక కాన్‌స్టాంటినోపుల్ విలేఖరి థామస్ చెనరీ రాశాడు. ఉత్తరం ఓడలో వచ్చి అచ్చు కావడానికి రెండు మూడు వారాలు పట్టేది, అయినా ఆ ఉత్తరాలు ఇంటింటా మంట పెట్టాయి. పత్రిక నిధి సేకరించింది. ఫ్లారెన్స్ నైటింగేల్ 38 మంది నర్సులతో అక్టోబరులోనే బయలుదేరింది. 1855 జనవరి 29న యుద్ధ నిర్వహణ మీద విచారణ జరపాలన్న తీర్మానం కామన్స్ సభలో 305 మంది అనుకూలంగా, 148 మంది వ్యతిరేకంగా ఓటు వేయగా నెగ్గింది. అబర్డీన్ ప్రభుత్వం రాజీనామా చేసింది.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, 'టైమ్స్' ఇంత బలం చూపించినది స్టాంపు పన్ను ఉన్న రోజుల్లోనే. ఖరీదైన కాగితం, ఖరీదైన యంత్రం, దేశదేశాల్లో విలేఖరులు, వీటిని భరించగలిగిన పత్రిక అది ఒక్కటే కావడంతో పోటీ లేక, జాన్ డెలేన్ సంపాదకత్వంలో మంత్రులు భయపడే స్థాయికి పెరిగింది. ఆ ఏడు పన్ను రద్దుకు ఓటు వేసిన సభ్యుల్లో జ్ఞానవ్యాప్తి కోరినవారు ఉన్నారు, 'టైమ్స్' నోరు కాస్త తగ్గితే బాగుండునని కోరుకున్నవారూ ఉన్నారు. పాఠ్యపుస్తకంలో ఈ రెండో సగం ఉండదు.

తరువాతి కాలంలో పత్రికాధిపతులే తమను తాము ప్రభుత్వం కన్నా పెద్దవారమనుకున్నారు. 1896 మే 4న అర పెన్నీకి 'డైలీ మెయిల్' మొదలుపెట్టి మొదటి రోజే 3,97,215 కాపీలు అమ్మిన ఆల్‌ఫ్రెడ్ హార్మ్స్‌వర్త్, లార్డ్ నార్త్‌క్లిఫ్ అయ్యి, 1908లో 'టైమ్స్'నే కొనేశాడు. 1915 మేలో ఫిరంగి గుండ్ల కొరత మీద ఆయన పత్రికలు చేసిన దాడి, ప్రధాని ఆస్క్విత్ సంకీర్ణ ప్రభుత్వం ఏర్పరచవలసి రావడానికి ఒక కారణం. అయితే అదే నెల ప్రజాభిమానం పొందిన యుద్ధమంత్రి కిచెనర్ మీద నేరుగా విరుచుకుపడితే, లండన్ స్టాక్ ఎక్స్చేంజిలో 'మెయిల్' కాపీలను తగలబెట్టారు. అంటే పాఠకుడు నడవదలచిన వైపు పత్రిక అతణ్ణి తోయగలదు, ఎదురు తిప్పడం మాత్రం కష్టం.

1924 ఎన్నికలకు నాలుగు రోజుల ముందు సోవియట్ నాయకుడు జినోవియెవ్ రాశాడంటూ ఒక దొంగ ఉత్తరాన్ని 'డైలీ మెయిల్' అచ్చు వేసింది. లేబర్ పార్టీ ఓడిపోయింది కాబట్టి ఉత్తరమే ఓడించిందని చెప్పుకుంటారు. కాని ఆ ఎన్నికల్లో లేబర్ పార్టీకి సీట్లు తగ్గినా, ఓట్లు అంతకు ముందుకన్నా పది లక్షలకు పైగా పెరిగాయి. 1931 మార్చిలో కన్సర్వేటివ్ పార్టీ నాయకుడు బాల్డ్విన్‌ను పదవి నుంచి కూలదోయాలని ఇద్దరు పత్రికాధిపతులు ఉపఎన్నికలో తమ అభ్యర్థిని నిలబెట్టగా, బాధ్యత లేని అధికారం కోరుకుంటున్నారని ఆయన వాళ్ళను నిలదీశాడు. రెండు రోజుల తరువాత ఆయన అభ్యర్థే గెలిచాడు. అందుచేత పడగొట్టాయా అంటే, అప్పటికే ఒరిగిన గోడలను పడగొట్టాయని నేను చెబుతాను.

సమాధానం: చెన్నపట్నం పాఠకుడు

తరగతిలో ఉన్నది మన పిల్లలు కాబట్టి, ఇదే కాలంలో ఇదే ప్రభుత్వం ఇక్కడ ఏం చేసిందో పక్కన పెట్టి చెప్పమని మనవి.

తమ దేశంలో పన్ను రద్దు చేసి పాతికేళ్ళు కూడా గడవకముందే, 1878లో లిట్టన్ ప్రభుత్వం దేశభాషల పత్రికల చట్టం తెచ్చింది. దేశభాషలో పత్రిక నడిపేవాడు అధికారి కోరితే పూచీకత్తు రాసి ఇవ్వాలి, జప్తు చేస్తే కోర్టుకు వెళ్ళే వీలు లేదు. ఇంగ్లీషు పత్రికలకు ఈ చట్టం వర్తించదు. అందుకే కలకత్తాలో అమృతబజార్ పత్రిక రాత్రికి రాత్రి పూర్తిగా ఇంగ్లీషులోకి మారిపోయింది. బ్రిటన్‌లో గ్లాడ్‌స్టన్ దీన్ని ఖండించాడు, రిప్పన్ 1882లో రద్దు చేశాడు.

అదే 1878లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తిగా ముత్తుస్వామి అయ్యర్‌ను నియమిస్తే, ఇక్కడి తెల్లవారి పత్రికలు ఒక భారతీయుడికి ఆ పదవి ఏమిటని దాడి చేశాయి. వాటికి జవాబు చెప్పడానికి తిరువల్లిక్కేణిలో ఆరుగురు యువకులు రూపాయి పన్నెండు అణాలు అప్పు తెచ్చి, 80 కాపీలు అచ్చు వేయించి, సెప్టెంబరు 20న 'ది హిందూ' ప్రారంభించారు. ఆ ఆరుగురిలో ఒకరు, తరువాత రాజమహేంద్రవరంలో న్యాయవాదిగా పేరు పొందిన మన న్యాపతి సుబ్బారావు పంతులు. పైన ఒకరు 690 పౌండ్ల మూలధనం సంగతి రాశారు. మన దగ్గర రూపాయి పన్నెండు అణాలతో కూడా సాధ్యమైంది. 1908లో బెజవాడ నుంచి 'స్వరాజ్య' నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్ళినప్పుడు, హెదరింగ్టన్ కథే తెలుగులో మళ్ళీ జరిగినట్టయింది.

బ్రిటిష్ పత్రికల ప్రభావం రెండు వైపులా ఉంది. 1858లో లక్నో మీదికి వెళ్ళిన సైన్యంతో వచ్చిన రసెల్, తమవాళ్ళు పగతో చేస్తున్న క్రూరత్వాన్ని దాచకుండా రాశాడు. 1920లో జలియన్‌వాలాబాగ్ హంతకుడు డయ్యర్ కోసం 'మార్నింగ్ పోస్ట్' చందాలు పోగుచేస్తే 26 వేల పౌండ్లు దాటాయి. ఆ సంఖ్య చదివినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ సొమ్ము ఒక్కరు ఇచ్చినది కాదు, పత్రిక చదివిన వేలమంది తలా కొంచెం పంపినది. 1943లో బెంగాల్ కరువులో లక్షలమంది చనిపోతుంటే యుద్ధకాలపు ఆంక్షల వల్ల ఆ మాటే బయటికి రాని రోజుల్లో, కలకత్తాలో తెల్లవారి యాజమాన్యంలోని 'స్టేట్స్‌మన్' సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ ఆగస్టు 22న వీధుల్లో పడి ఉన్న మనుషుల ఫొటోలు అచ్చు వేశాడు. ఆంక్షలు రాతల మీద ఉన్నాయి గాని ఫొటోల ప్రసక్తి వాటిలో లేదని ఆయన గ్రహించాడు. ఆ ఫొటోలు చూశాకే లోకానికి నిజం తెలిసింది.

తెనాలి చదువరి

అందరికీ కృతజ్ఞతలు. 1836 నాటి మలుపు గురించి నేను ఇంతవరకు ఒక్క వాక్యం కూడా చెప్పలేదు, ఈసారి అక్కడి నుంచే మొదలుపెడతాను. పాత కాగితాలు గారిని ఒక్క మాట అడుగుతాను. ప్రకటనల డబ్బే పత్రిక బతుకును నిర్ణయించిందంటున్నారు కదా, పాఠకులు లక్షల్లో ఉండి కూడా ఆ డబ్బు లేక చనిపోయిన కార్మికుల పత్రిక నిజంగా ఒకటైనా ఉందా?

పాత కాగితాలు

ఉంది. అది 'డైలీ హెరాల్డ్'. 1912లో కార్మికుల పత్రికగా మొదలై, 1922లో కార్మిక సంఘాల సమాఖ్య చేతికి వచ్చి, 1933లో రోజుకు 20 లక్షల కాపీలు అమ్మిన మొదటి పత్రిక అయింది. చందాదారులను చేర్చడానికి డికెన్స్ నవలల సంపుటాలను బహుమతిగా ఇచ్చిన పోటీ కూడా ఆ ఏడాదిదే. 1964లో అది మూతపడే నాటికి కూడా 12 లక్షలకు పైగా కాపీలు అమ్ముడయ్యేవి, అంటే 'టైమ్స్' అమ్మకాలకు దాదాపు అయిదు రెట్లు. కాని దాని పాఠకులు ఎక్కువగా వయసు మళ్ళిన కార్మికులు, వారి కోసం ఖరీదైన సరుకుల ప్రకటన ఎవరూ ఇవ్వలేదు. 'టైమ్స్' పాఠకులు తక్కువే అయినా ఒక్కొక్కరి జేబు బరువైనది. 'హెరాల్డ్' స్థానంలో 1964 సెప్టెంబరులో, అప్పటికి దాని యజమాని అయిన ప్రచురణ సంస్థ 'సన్' పేరుతో కొత్త పత్రిక తెచ్చింది, అదీ నష్టపోయి 1969లో రూపర్ట్ మర్డోక్‌కు అమ్మేసింది. నేడు ప్రపంచమంతా ఎరిగిన 'సన్' పుట్టుక ఇది. కార్మిక సంఘాలు నడిపిన పత్రిక వారసురాలే 1986లో ముద్రణను లండన్‌లోని వాపింగ్‌కు మార్చి వేలమంది ముద్రణ కార్మికులను ఒక్కసారిగా తొలగించిన మర్డోక్ సంస్థకు ప్రధాన ఆదాయమైంది. మీ విద్యార్థిని అడిగిన పేర్లు తరువాతి పేజీల్లో ఎందుకు లేవో ఈ ఒక్క పత్రిక జాతకం చూస్తే తెలుస్తుంది.

మాంచెస్టర్ తెలుగు

'సన్' ప్రస్తావన వచ్చింది కాబట్టి, మా పక్క ఊరు లివర్‌పూల్ సంగతి కలుపుతాను. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో తొక్కిసలాట జరిగి, తరువాత ఆ గాయాలతో పోయినవారితో కలిపి 97 మంది చనిపోతే, నాలుగు రోజులకు ఆ పత్రిక 'నిజం' అని శీర్షిక పెట్టి, లివర్‌పూల్ అభిమానులు మృతుల జేబులు కొట్టారని, సాయం చేయవచ్చిన పోలీసుల మీద దాడి చేశారని రాసింది. అవి అబద్ధాలని 2012లో స్వతంత్ర పరిశీలక బృందం తేల్చింది. ఆ ఊరు మాత్రం అప్పటిదాకా ఆగలేదు. నౌకాశ్రయంలో కూలి చేసేవారు, టాక్సీ నడిపేవారు, వారి పిల్లలు 1989లోనే ఆ పత్రిక కొనడం మానేశారు. పోయినసారి అక్కడికి వెళ్ళినప్పుడు ఒక చిన్న కిరాణా దుకాణం తలుపు మీద, ఆ పత్రిక ఇక్కడ అమ్మము అన్న కాగితం అంటించి ఉంది. ఎండకు వెలిసిన పాత కాగితం మీద కొత్త కాగితం అంటించారు.